అరవై కిలోల ప్రాణం

(బెంగళూరు మారతహళ్ళిలో జరిగిన తెలుగువారి నెలవారీ కూడికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభలోని పెద్దలకూ, తోటివారికీ నమస్కారం. ఈ కూడికకు పిలిచినప్పుడు నిర్వాహకులు "కుక్కల మీద మీకున్న ప్రేమ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ప్రేమ గురించి నేను చెప్పలేనండీ. పద్దెనిమిదేళ్ళు లెక్కల విభాగంలో పనిచేసినదాన్ని. నాకు తెలిసినదల్లా జమ, ఖర్చు, తూకం. అందుచేత ఈ సాయంత్రం తూకం గురించే చెబుతాను. పెద్ద జాతి కుక్కలను చేరదీసే చోట తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి దీపం ఆర్పేదాకా మేము చేసే ప్రతి పనినీ నిర్ణయించేది కిలోలే. వాటిని కొన్నవారు కొన్ననాడు వేసుకోని లెక్క కూడా అదే.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. హోసకోట దాటి మాలూరు వెళ్ళే దారిలో ఒక మామిడితోటను గుత్తకు తీసుకుని, అందులో రేకుల షెడ్లు వేసి ఈ షెల్టరు నడుపుతున్నాము. ఇవాళ్టికి మా దగ్గర 31 కుక్కలున్నాయి: గ్రేట్ డేన్‌లు, సెయింట్ బెర్నార్డులు, రాట్‌వైలర్లు, మాస్టిఫ్‌లు, జర్మన్ షెపర్డులు, కొన్ని లాబ్రడార్లు. చిన్న కుక్కలను ఎందుకు తీసుకోరని చాలామంది అడుగుతారు. చిన్న కుక్కకు ఎలాగో ఒక ఇల్లు దొరుకుతుందండీ. ఎనిమిది కిలోల కుక్కను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కవచ్చు, ఊరెళ్ళేటప్పుడు చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులు వదలవచ్చు, అద్దె ఇంటివాళ్ళ కళ్ళు కప్పి పెంచుకునేవాళ్ళు కూడా నాకు తెలుసు. అరవై కిలోల దాన్ని ఎవరి కళ్ళు కప్పి పెంచుతారు?

పొద్దున అయిదు గంటలకు మొదటి పని కడగడం. దాని గురించి ఎక్కువ చెప్పను, మీరంతా ఇందాకే టిఫిన్లు చేసి ఉన్నారు. పెద్ద కుక్క పెద్దగానే తింటుంది, పెద్దగానే విడుస్తుంది. అంతటితో ఆ సంగతి వదిలేద్దాము.

రెండో పని వంట. అరవై కిలోల గ్రేట్ డేన్‌కు రోజుకు సుమారు 2,400 కెలోరీల ఆహారం కావాలి. అది మన ఇంట్లో ఎదిగిన మగవాడు ఒకడు తినేంత. అలాంటివాళ్ళు ముప్పైమంది చుట్టాలుగా వచ్చి, మరి వెళ్ళకుండా ఉండిపోయారనుకోండి, అదీ మా వంటిల్లు. పెళ్ళివారి విడిది మూడు రోజుల్లో ఖాళీ అవుతుంది; మాది ఖాళీ కాదు. రెండు గుండిగల్లో బియ్యం, రాగిపిండి, గుమ్మడికాయ, క్యారెట్టు, కోడిమాంసం కలిపి ఉడికిస్తాము. ఉప్పు దాదాపు వేయము. ఉల్లి, వెల్లుల్లి అసలే వేయము. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ముహూర్తాల రోజుల్లో కల్యాణ మంటపాల నుంచి వారానికి నాలుగు ఫోన్లు వస్తాయి: "అమ్మా, బిరియానీ మిగిలింది, సాంబారు మిగిలింది, పంపించమంటారా?" వాళ్ళ మనసు మంచిదే. కాని ఉల్లిపాయ కుక్కల రక్తంలోని ఎర్రకణాలను పగలగొడుతుంది, వండిన ఎముక పేగుల్లో చీలికలై గుచ్చుకుంటుంది. వద్దంటే "పెట్టడానికి మేము సిద్ధంగా ఉంటే తీసుకోవడానికి మీకేమిటి?" అని నొచ్చుకుంటారు. మీలో ఎవరైనా నొచ్చుకుని ఉంటే ఇప్పుడు క్షమించండి. తెల్ల అన్నం మాత్రం మిగిలితే తప్పకుండా పంపించండి.

వండినదాన్ని ఒక్కసారిగా పెట్టము. మూడు పూటలుగా పెడతాము, తిన్నాక గంటసేపు ఒక్కదాన్ని కూడా పరుగెత్తనివ్వము. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతులలో కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను మెలి తిరిగిపోయే జబ్బు ఒకటుంది. మెలిపడితే రక్తం ఆడదు, గంటల్లో ప్రాణం పోతుంది. లక్షణాలు చెబుతాను, మీ ఇళ్ళలో పెద్ద కుక్కలుంటే దయచేసి గుర్తుపెట్టుకోండి: వాంతికి ప్రయత్నిస్తుంది కాని ఏమీ రాదు, చొంగ కారుతుంది, నిలకడగా పడుకోలేదు, కడుపు మీద వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఈ లక్షణాలు కనబడితే తెల్లారేదాకా ఆగకండి. జీలకర్ర నీళ్ళు పట్టించి చూద్దామనుకోకండి.

మా భీముడికి అది వచ్చింది. భీముడు గ్రేట్ డేన్, 64 కిలోలు. రాత్రి పదకొండు గంటలకు గోడవైపు తిరిగి ఊరికే కక్కబోతున్నాడు. అప్పటికి షెల్టరులో నేను, బాగేపల్లి నుంచి వచ్చి మా దగ్గర పనిచేస్తున్న పెద్దాయన, ఆయన కొడుకు, అంతే. చిన్న కుక్కైతే చంకన వేసుకుని పరుగెత్తేవాళ్ళము. 64 కిలోల కుక్కను, అదీ నొప్పితో ఉన్న కుక్కను, ఎలా ఎత్తుతారు? దుప్పటి పరిచి, దాని మీదికి దొర్లించి, ముగ్గురం మూడు కొసలు పట్టుకున్నాము. నాలుగో కొస పట్టుకోవడానికి మనిషి లేడు. పెద్దాయన ఆ కొసను తన తలపాగాతో కట్టి భుజాన వేసుకున్నాడు. పక్క ఊళ్ళో కూరగాయల బండి ఉన్నతన్ని లేపి, టమాటా పెట్టెలు దించి, భీముణ్ణి ఎక్కించాము. ఆ వేళప్పుడు కూడా కె.ఆర్.పురం తూగువంతెన దగ్గర లారీలు ఆగి ఉన్నాయి. మీకు తెలిసిన వంతెనే, పగలు మీరంతా అక్కడ ఎంతసేపు నిలబడతారో మీకే తెలుసు. మొదట వెళ్ళిన చోట "మా ఆపరేషన్ బల్ల ఇంత కుక్కకు చాలదమ్మా" అన్నారు. నిజమే, చాలదు, నేను వాళ్ళను తప్పుపట్టను. రెండో చోట రెండు బల్లలు జతచేసి ఆపరేషన్ చేశారు. మెలి విప్పి, మళ్ళీ తిరగకుండా కడుపును లోపలి గోడకు కుట్టారు. భీముడు బతికాడు. ఆ రాత్రి తరువాత మేము చేసిన మొదటి పని, నాలుగు కొసలకూ పిడులు కుట్టిన కాన్వాసు గుడ్డ ఒకటి తయారు చేయించుకోవడం. రెండో పని, పెద్ద బల్ల ఎక్కడెక్కడ ఉందో ముందుగానే తిరిగి చూసి రాసిపెట్టుకోవడం.

మందుల లెక్క కూడా కిలోలదే. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మా దగ్గర వానలు మొదలైతే తప్పదు. పిడుదులంటే గోమార్లు, కొత్తతరం పిల్లల కోసం చెబుతున్నాను, టిక్స్. ఎర్లికియా అనే ఆ జ్వరానికి సాధారణంగా ఇచ్చే డాక్సీసైక్లిన్ మోతాదు కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. అరవై కిలోల కుక్కకు 100 మిల్లీగ్రాముల బిళ్ళలు రోజుకు ఆరు, నెల తిరిగేసరికి 168. ఆరు కిలోల పొమెరేనియన్‌కు అదే జ్వరం వస్తే 17 బిళ్ళలతో పని అయిపోతుంది. పాముల మందు, అదే, నులిపురుగుల మందు, అదీ అంతే. కిలోల చొప్పున పెరుగుతూ పోతుంది. ఒక్క రేబిస్ టీకా మాత్రం ఏనుగంత కుక్కకూ ఎలుకంత కుక్కకూ అదే ఒక మిల్లీలీటరు. మా పద్దులో నాకు ఊపిరి ఆడే వరుస అదొక్కటే. అన్నట్టు, మా దగ్గర పనిచేసే ప్రతి మనిషికీ కరవకముందే రేబిస్ టీకాలు వేయిస్తాము. కుక్కల మధ్య పనిచేసేవారు కరిచాక చూద్దామనుకోవడం తెలివితక్కువ పొదుపు.

ఇప్పుడు ఎండ సంగతి. "బెంగళూరు చల్లని ఊరు కదా, సెయింట్ బెర్నార్డ్ పెంచుకోవచ్చు" అని కొనేవారు చాలామంది. మనం ఉన్నది సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున. ఆ జాతి పుట్టింది స్విట్జర్లాండ్, ఇటలీ నడుమ ఆల్ప్స్ కనుమలో, 2,469 మీటర్ల ఎత్తున, మంచులో. మనకు చలి వేసి స్వెటరు తీసే రోజున దానికి హాయిగా ఉంటుంది. మనకు హాయిగా ఉన్న రోజున అది రొప్పుతుంది. 2024 వేసవి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 28న ఊళ్ళో 38.5 డిగ్రీలు నమోదైంది, అంతకుముందు మార్చి నుంచే బోర్లు ఎండి, అపార్టుమెంట్లలో బకెట్ల లెక్కన నీళ్ళు వాడుకున్నారు. మా బోరు కూడా ఎండింది. అరవై కిలోల కుక్క మామూలు రోజున మూడు లీటర్లు తాగుతుంది, ఎండలో ఇంకా ఎక్కువ తాగుతుంది. తాగడానికి కాక కడగడానికి, తడపడానికి కావలసిన నీళ్ళు వేరు. ట్యాంకరు వచ్చిన రోజు గిన్నెలు నింపడం, రాని రోజు గోనెసంచులు తడిపి పరచడం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని దారి. ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ఇక మాటలు కట్టిపెట్టి నీళ్ళు పోయాలి, ఫ్యాను పెట్టాలి, డాక్టరు దగ్గరికి బయలుదేరాలి. ఆ నెలంతా మా పెద్దాయన మధ్యాహ్నం నిద్ర మానేసి, థర్మామీటరు పట్టుకుని షెడ్డు షెడ్డు తిరిగాడు. నేను వెళ్ళి కాసేపు నడుము వాల్చమంటే, "అవి రొప్పుతా ఉంటే నాకు నిద్రెట్ల పడుతుందమ్మా" అన్నాడు.

ఇన్ని కుక్కలు మా దగ్గరికి ఎలా వస్తాయి? దీనికొక రిజిస్టరు ఉంది నా దగ్గర. తేదీ, జాతి, వయసు, బరువు, వదలడానికి చెప్పిన కారణం. ఆ ఆఖరి గడి చదివితే మన ఊరి చరిత్ర తెలుస్తుంది. 2020, 2021లలో ఇళ్ళ నుంచి పనిచేసేవారు తోడుకోసం కుక్కపిల్లలను కొన్నారు. రెండు నెలల గ్రేట్ డేన్ పిల్ల మన ఇంటి పిల్లిలాగే ముద్దుగా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మంచమంత అవుతుంది. 2022లో ఆఫీసులు తెరిచాక ఫోన్లు మొదలయ్యాయి. "ఆన్‌సైట్ వచ్చింది." "పాప పుట్టబోతోంది." "అత్తగారికి భయం." "అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోవడం లేదు." ఈ ఆఖరి కారణం చెప్పేవారికి నేను ఒక కాగితం పంపిస్తాను: భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు, అపార్టుమెంటు సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని అందులో ఉంది. ఆ కాగితం అందాక కొందరు సంఘంతో పోరాడి కుక్కను ఉంచుకున్నారు. ఇంకొందరు కాగితం అందాక మరో కారణం చెప్పారు.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. రాట్‌వైలర్, పిట్‌బుల్, మాస్టిఫ్ వంటి 23 జాతుల అమ్మకానికి, సంతానోత్పత్తికి అనుమతులు ఇవ్వవద్దని, ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని దాని సారాంశం. కుక్కను వదిలేయమని అందులో ఎక్కడా లేదు. ఎంతమంది చదివారు? వాట్సాప్‌లో "రాట్‌వైలర్ బ్యాన్" అని రెండు మాటలు చదివి, ఆ వారంలో నాకు ఫోన్లమీద ఫోన్లు. ఒకాయన అర్ధరాత్రి వచ్చి మా గేటుకు కట్టి వెళ్ళిపోయాడు, తాడుకు చీటీ కూడా లేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టివేసింది. లేఖ పోయిందండీ, గేటుకు కట్టిన కుక్క కోసం మాత్రం ఎవరూ తిరిగి రాలేదు. అది ఇప్పటికీ రాత్రి బండి చప్పుడైతే లేచి నిలబడుతుంది.

కుక్కను ఇలా వదిలేయడం నేరం కాదా అని మీరు అడగవచ్చు. నేరమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 11వ సెక్షను. మొదటిసారి చేసిన తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయల వరకు. యాభై రూపాయలు! ఇందాక ఈ హాలు బయట ఇద్దరం కాఫీ తాగితే అంతకన్నా ఎక్కువ అయింది. ఇంతకన్నా దాని మీద వ్యాఖ్యానం నాకు అక్కర్లేదు.

గంగ గురించి చెప్పాలి. గంగ ఆడ గ్రేట్ డేన్. హోసకోట అవతల ఇటుక బట్టీల దగ్గర రోడ్డు పక్కన పడి ఉందని లారీ డ్రైవరొకతను ఫోన్ చేశాడు. మా దగ్గర ఒక కాటా ఉంది, గుజిరీ అంగట్లో కొన్న పాతది, ఒకప్పుడు ఉల్లిపాయల బస్తాలు తూచినది. దాని మీద పడుకోబెడితే 33 కిలోలు చూపించింది. ఆ ఎముకల పొడవుకు 52 అయినా ఉండాలి. పొట్ట కింద చన్నులు సాగి వేలాడుతున్నాయి. ఎన్ని ఈతలు ఈనిందో చెప్పలేము. మోచేతుల దగ్గర పుండ్లు. బరువైన కుక్కను వట్టి సిమెంటు నేల మీద ఏళ్ళతరబడి పడుకోబెడితే అలా పడతాయి. మీ ఇళ్ళలో పాత పరుపులుంటే పారేయకండి, మాకు ఇవ్వండి. లోపల గర్భసంచి నిండా చీము. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన నియమాల ప్రకారం ఒక ఆడకుక్కకు జీవితం మొత్తంలో అయిదు ఈతలకు మించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నియమం పుస్తకంలో ఉంది. గంగ రోడ్డు మీద ఉంది. మీరు కొనబోయే పిల్ల తల్లిని చూపించమని అమ్మేవాణ్ణి అడగండి. ఫొటో కాదు, తల్లిని. "తల్లి ఊళ్ళో లేదు" అంటే లేచి వచ్చేయండి.

ఆకలితో ఎండిన కుక్కకు కడుపునిండా పెట్టకూడదని మీకు తెలుసా? నాకూ మొదట తెలియదు. ఎండిన ఒంట్లోకి ఒక్కసారిగా ఆహారం దిగితే రక్తంలో లవణాల పాళ్ళు తారుమారై గుండె ఆగిపోవచ్చు. గుప్పెడు గుప్పెడుగా, రోజుకు ఆరుసార్లు పెట్టాము. అది గిన్నె నాకి, నా ముఖం చూసేది. ఇంకా పెట్టమని. నేను పెట్టేదాన్ని కాదు. ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టకపోవడం పాపమని విని పెరిగినవాళ్ళము కదా. చేతిలో అన్నం ఉండి పెట్టకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ పది రోజుల్లో తెలిసింది. కాస్త తేరుకున్నాక గర్భసంచి తీశారు. కాటా పక్కన గోడ మీద సుద్దతో దాని వరుస రాస్తూ వచ్చాము: 33, 34, 36, 36, 39. ఆ రెండు 36ల మధ్య పిడుదు జ్వరం. అయిదో నెలలో 50 దాటిన ఆదివారం పెద్దాయన ఇంటి నుంచి ఒబ్బట్లు తెచ్చి మాకు పెట్టాడు. గంగకు పెట్టలేదు లెండి.

గంగను పెంచుకుంటామని మూడు కుటుంబాలు వచ్చాయి. ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న జీతం కాదు, ఇంటి వైశాల్యం కూడా కాదు. "మీ ఇంట్లో అందరికన్నా బరువు తక్కువైన మనిషి ఎవరు?" అని అడుగుతాను. నవ్వుతారు. కాని ఇంటాయన ఊరెళ్ళిన రోజున కుక్కను బయటికి తీసుకెళ్ళేది ఆ మనిషే. వీధిలో పిల్లి అడ్డం వస్తే 55 కిలోలను ఆపవలసింది ఆ 42 కిలోల అమ్మాయే. తరువాత ఇంటికి వెళ్ళి నేల చూస్తాను. పాలరాతిలా మెరిసే టైల్స్ మీద ముసలి గ్రేట్ డేన్ కాళ్ళు జారి, తుంటి కీలు దెబ్బతింటే మళ్ళీ లేవదు. లిఫ్టు ఆగిపోయిన రోజు నాలుగో అంతస్తు నుంచి దాన్ని ఎవరు దించుతారని అడుగుతాను. ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకుని వెళ్ళిపోయేవారున్నారు. వెళ్ళనివ్వండి, మళ్ళీ నా గేటుకు కట్టేదానికన్నా అది మేలు.

గంగ ఎక్కడికీ వెళ్ళలేదు. మా దగ్గరే రెండేళ్ళు ఉంది. కుక్కలలో ఒక తిరకాసు ఉంది: దేహం పెద్దదైనకొద్దీ ఆయుష్షు తక్కువ. చిన్న పొమెరేనియన్ పద్నాలుగేళ్ళు బతుకుతుంది. గ్రేట్ డేన్‌కు ఏడు నుంచి పదేళ్ళు. గంగకు గుండె కండరం సడలింది, ఆ జాతికి తరచుగా వచ్చే జబ్బే. చివరి ఆదివారం కాటా మీద అదే నడిచి ఎక్కింది, 51. ఆ అంకె గోడ మీద ఉంది, తుడవలేదు. తోట యజమాని దక్షిణపు గట్టున చోటిచ్చాడు. అంత దేహానికి సరిపడా గొయ్యి తవ్వడానికి ఇద్దరికి సగం రోజు పట్టింది. దించడానికి ఆ కాన్వాసు గుడ్డే, నాలుగు పిడులు, నలుగురం.

ఇక అడగవలసినది అడిగి దిగిపోతాను. డబ్బు ఇవ్వగలిగినవారు ఇవ్వండి, రసీదు ఇస్తాను, నా లెక్కలు ఎవరైనా చూడవచ్చు. కాని డబ్బు కన్నా కొరతగా ఉన్నది మనుషులు. ప్రతి ఆదివారం పది గంటలకు తూకం వేస్తాము. 31 కుక్కలను ఒక్కొక్కటిగా కాటా ఎక్కించి, అంకె నిలిచేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఇప్పుడు ముగ్గురం చేస్తున్నాము, మధ్యాహ్నం రెండవుతోంది. నలుగురు వస్తే పన్నెండుకు అయిపోతుంది. హోసకోట బస్టాండు దాకా వస్తే అక్కడి నుంచి కూరగాయల బండిలో తీసుకెళ్తాము. రేబిస్ టీకా వేయించుకున్నవారు మాత్రమే కుక్కలను పట్టుకోవాలి, మిగిలినవారు గోడ మీద అంకెలు రాయవచ్చు. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి. కొత్త బట్టలు మాత్రం వేసుకోకండి. భీముడికి కొత్తవారి భుజాల మీద రెండు కాళ్ళూ వేసి నిలబడే అలవాటుంది.